మేకన్ నుంచి మోనోనా దాకా: ఓటిస్ రెడ్డింగ్ గొంతు వెంట ఆరు రోజులు

మొదటి రోజు, డిసెంబరు 5: అట్లాంటా నుంచి మేకన్

మా మేనమామ రాజమహేంద్రవరంలో ముప్పై అయిదేళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించాడు. పై వరస ముందు పళ్లు రెండు పోయాక మానేశాడు. ట్రంపెట్ వాయించేవాడికి పెదవి ఎంత ముఖ్యమో దాని వెనక పళ్లూ అంతే ముఖ్యం. పెట్టుడు పళ్ల మీద ఆ ఒత్తిడి నిలవదు. వాయిద్యం అమ్మేశాడు కానీ దాని మౌత్‌పీసు మాత్రం దగ్గర ఉంచుకున్నాడు. ఇంటి తాళాలు, కళ్లజోడు, మౌత్‌పీసు, ఈ మూడూ జేబులో లేనిదే గడప దాటడు.

ఈ చలికాలం అట్లాంటాలో ఉన్న కూతురి ఇంటికి వచ్చాడు. ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక నేను అమెరికా గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ ఆల్బమ్ 'ఓటిస్ బ్లూ' పెట్టాను. మామయ్య సోఫాలో నడుం వాల్చి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. మూడో పాట సగంలో లేచి కూర్చుని, "ఈ ఊదేవాళ్లు ఎంతమందిరా?" అన్నాడు. పాడేది ఎవరని అడగలేదు.

నలుగురు. రెండు ట్రంపెట్లు, రెండు శాక్సోఫోన్లు. ఆ సంగతి చెప్పబోయి, పాడిన మనిషి గురించీ పాడిన ఊరు గురించీ చెప్పుకుంటూ పోయి, చివరికి క్యాలెండరు ముందేసుకుని కూర్చున్నాం. ఓటిస్ రెడ్డింగ్ 1941 సెప్టెంబరు 9న జార్జియాలోని డాసన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మేకన్‌లో పెరిగాడు. 1965 జూలై 9, 10 తేదీల్లో మెంఫిస్‌లో ఈ ఆల్బమ్ పాడాడు. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్ రాష్ట్రంలో మోనోనా సరస్సులో విమానం కూలి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. మేకన్, మెంఫిస్, మోనోనా వరసగా చూస్తూ వెళ్లి, వర్ధంతి నాటికి సరస్సు ఒడ్డున ఉండాలని అనుకున్నాం. మెంఫిస్ దాకా అద్దె కారు, అక్కడి నుంచి విమానం.

అట్లాంటా నుంచి మేకన్ దక్షిణంగా నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో మామయ్య చేతికి రికార్డు అట్ట ఇచ్చాను. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ఈయన బొమ్మ ఏదిరా?" అన్నాడు. అట్ట మీద ఉన్నది బంగారు రంగు జుట్టున్న ఒక తెల్లజాతి అమ్మాయి ముఖం. ఓటిస్ పేరు ఉంది, ముఖం లేదు. నల్లజాతి గాయకుడి రికార్డు తెల్లవాళ్ల దుకాణాల్లోనూ అమ్ముడుపోవాలంటే ఆయన ముఖం కనపడకూడదన్న లెక్క ఆ రోజుల్లో చాలా అట్టల మీద పనిచేసింది. ఇదీ అలాంటిదేనని నా నమ్మకం. ఇంత గొప్ప గొంతుకు ఇంత అన్యాయమైన అట్ట వేశారే అని ఈ రికార్డు చేతికి తీసుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఆ ముఖం మేకన్‌లో కనిపించింది. ఓక్‌మల్గీ నది ఒడ్డున, వంతెన పక్కన చిన్న పార్కులో, గిటారు పట్టుకుని కూర్చున్న కంచు విగ్రహం. 2002లో పెట్టారు. మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. మామయ్య విగ్రహం ఎదుట కాసేపు నిలబడి, అట్ట బయటికి తీసి, దాన్ని విగ్రహం వైపు తిప్పి పట్టుకున్నాడు. "చూసుకో బాబూ, నీ పాటే" అన్నాడు తెలుగులో. పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ మా వైపు చూసి తల ఊపింది. భాష అందకపోయినా విషయం అందినట్టుంది.

రెండో రోజు, డిసెంబరు 6: మేకన్

పొద్దున్నే డగ్లస్ థియేటర్‌కు వెళ్లాం. చార్ల్స్ డగ్లస్ అనే నల్లజాతి వ్యాపారి 1921లో కట్టించిన భవనం ఇది. తమవాళ్లు పక్కదారిన, పై అంతస్తు మూలల్లో కూర్చోవలసిన అవసరం లేకుండా కట్టించాడు. బెస్సీ స్మిత్, మా రెయినీ లాంటి మహా గాయనులు పాడిన వేదిక. 1950ల చివర్లో ఇక్కడ కుర్రవాళ్లకు వారం వారం పాటల పోటీ జరిగేది, బహుమతి 5 డాలర్లు. ఓటిస్ వరసగా పదిహేను వారాలు గెలిచాడు. ఇక నువ్వు పోటీకి రావద్దు అనేదాకా గెలిచాడు.

ఆ 5 డాలర్లు ఆయనకు ఎందుకు అవసరమో తెలిస్తేనే ఆ పదిహేను వారాల విలువ అర్థమవుతుంది. తండ్రి మొదట కౌలు సేద్యం చేసినవాడు. మేకన్ దగ్గరి వైమానిక స్థావరంలో పని దొరికి కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చాడు. అప్పుడప్పుడు చర్చిలో ప్రసంగించేవాడు. ఆయనకు క్షయ వచ్చింది. పెద్ద కొడుకు పదిహేనేళ్లకే బడి మానేశాడు. బావులు తవ్వాడు, పెట్రోలు బంకులో పనిచేశాడు. వాళ్లున్న టిండాల్ హైట్స్ ప్రభుత్వ గృహాల బస్తీ ఇప్పుడు లేదు. కూల్చేసి కొత్త ఇళ్లు కట్టారు. ఆ వీధుల్లో కారు నెమ్మదిగా నడిపాను. చూడడానికి ఏమీ మిగల్లేదు.

సిటీ ఆడిటోరియం మాత్రం అలాగే ఉంది. రాతి స్తంభాలు, పైన పెద్ద రాగి గుమ్మటం. 1967 డిసెంబరు 18న ఓటిస్ అంత్యక్రియల సభ ఇక్కడే జరిగింది. మూడు వేల మంది పట్టే హాలుకు నాలుగున్నర వేల మందికి పైగా వచ్చారు. మేం వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి. మెట్ల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తింటూ తింటూ మామయ్య అన్నాడు: "మా మేళం చావులకూ వెళ్లేది. పెళ్లికి ఊదడం సులువు. చావుకు ఊదేటప్పుడు ఊపిరి మన మాట వినదు."

ఓటిస్ సమాధి ఇక్కడికి ఉత్తరాన, రౌండ్ ఓక్ అనే చోట, ఆయనే 1965లో కొనుక్కున్న పొలంలో ఉంది. 300 ఎకరాల పొలం, దానికి 'బిగ్ ఓ' అని పేరు పెట్టుకున్నాడు. అది కుటుంబం నివాసం ఉన్న స్థలం, చూడవచ్చేవాళ్ల కోసం కాదు. అందుకని మేం వెళ్లలేదు. బదులుగా కాటన్ అవెన్యూలో ఆయన భార్య జెల్మా 2007లో స్థాపించిన సంస్థ దగ్గరికి వెళ్లాం. పిల్లలకు పాట కట్టడం, వాయిద్యం పట్టడం నేర్పే సంస్థ ఇది. గోడ మీద ఓటిస్ బొమ్మల్లో ఒక్కటి నన్ను కదలనివ్వలేదు. అందులో ఆయన పాడడం లేదు. ఎవరినో చూసి నవ్వుతున్నాడు, కాస్త సిగ్గుపడుతూ. ఆ గొంతులోని బరువును బట్టి ఈయన ఎప్పుడూ నాకు నడివయసు మనిషిలాగే తోచేవాడు. పెళ్లయి, పిల్లలు పుట్టి, పొలం కొని, ఖండాంతరాలు తిరిగి వచ్చి, ఇరవై ఆరేళ్లు దాటని కుర్రవాడు.

మూడో రోజు, డిసెంబరు 7: దారిలో

తిరిగి అట్లాంటా మీదుగా, బర్మింగ్‌హామ్, ట్యుపెలో దాటి మెంఫిస్. దాదాపు 750 కిలోమీటర్లు. రోజంతా కారులోనే.

1962లో ఓటిస్ మేకన్ నుంచి మెంఫిస్‌కు ఈ దూరమంతా కారు నడుపుకుంటూ వెళ్లాడు, గాయకుడిగా కాదు. గిటారిస్టు జానీ జెంకిన్స్‌కు రికార్డింగు ఉంది, ఆయనకు కారు నడపడం రాదు, ఓటిస్‌కు వచ్చు. జెంకిన్స్ రికార్డింగు అనుకున్నంత బాగా సాగలేదు. చివర్లో కొంత సమయం మిగిలితే ఆ డ్రైవరు కుర్రవాడికి ఒక అవకాశం ఇచ్చారు. గిటారిస్టు స్టీవ్ క్రాపర్ ఆ పాటకు పియానో ముందు కూర్చున్నాడు. ఓటిస్ తను కట్టిన ఒక నెమ్మది ప్రేమ పాట పాడాడు. అక్కడి స్టాక్స్ అనే రికార్డుల కంపెనీ ఆయనతో ఒప్పందం చేసుకుంది.

ఈ రోజంతా నేను మామయ్యకు వినిపించింది శామ్ కుక్. ఆయన్ను వినకుండా 'ఓటిస్ బ్లూ' దగ్గరికి వెళ్లడం దొడ్డిదారిన గుడిలోకి వెళ్లడం లాంటిది. చర్చి పాటల నుంచి వచ్చి, ఆ ఆర్తిని లౌకికమైన ప్రేమకూ బాధకూ పట్టించి, సోల్ అనే సంగీతానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటలు ఆయనకు గది ఇవ్వలేదు. కారణం ఒంటి రంగు. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1964 జనవరిలో, మార్పు వచ్చి తీరుతుందన్న పాట రికార్డు చేశాడు. అదే ఏడాది డిసెంబరు 11న లాస్ ఏంజెలిస్‌లో తుపాకీ గుండుకు చనిపోయాడు. ఆ పాట విడిగా రికార్డుగా వచ్చేసరికి ఆయన లేడు.

ఏడు నెలలు తిరిగాయి. ఓటిస్ ఆల్బమ్‌లో పదకొండు పాటలు. తను రాసినవి మూడు, అందులో ఒకటి జెర్రీ బట్లర్‌తో కలిసి రాసింది. శామ్ కుక్ పాడినవీ మూడే. ఓటిస్‌ది ఏకలవ్య శిష్యరికం, రికార్డులు విని నేర్చుకున్న విద్య. ఈ ఆల్బమ్‌ను అందరూ విందు భోజనం లాంటి సంగీతమని మెచ్చుకుంటారు. నాకది ముందుగా గురువుకు పెట్టిన తద్దినం. ఆ మూడు పాటలూ వరసగా లేవు, రికార్డు పొడుగునా చెదిరి ఉన్నాయి, దుఃఖం ఒక ఇంట్లో రోజు పొడుగునా అక్కడక్కడ తగులుతున్నట్టు.

మార్పు పాటను ముందు కుక్ గొంతులో, వెంటనే ఓటిస్ గొంతులో పెట్టాను. కుక్ వెనక నిండైన వాద్యబృందం, వయొలిన్లు. ఆయన గొంతు నది మీద పడవలా తేలుతుంది. ఓటిస్ వెనక వయొలిన్లు లేవు. నలుగురు ఊదేవాళ్లు, పియానో, డ్రమ్ములు. మాటలు కొన్ని మార్చుకున్నాడు, కొన్ని చోట్ల ముక్క ముక్కలుగా విరిచాడు. మామయ్య రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారీ పెట్టమన్నాడు. "ఆయన మార్పు వస్తుందని చెబుతున్నాడురా. ఈయన రమ్మని బతిమాలుతున్నాడు" అన్నాడు. పాట మాటలు ఆయనకు సగం కూడా అర్థం కావు.

నాలుగో రోజు, డిసెంబరు 8: మెంఫిస్, 926 ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూ

స్టాక్స్ పెట్టిన జిమ్ స్టూవర్ట్ బ్యాంకు ఉద్యోగి, ఫిడేలు వాయించేవాడు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కూడా బ్యాంకులోనే పనిచేసేది. రికార్డింగు యంత్రం కొనడానికి ఎస్టెల్ తన ఇల్లు తాకట్టు పెట్టింది. 1960లో మెక్‌లెమోర్ వీధిలో మూతపడిన క్యాపిటల్ అనే సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే స్టాక్స్. తినుబండారాలు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టింది. తెర ఉండే వేదిక మీద కంట్రోల్ రూము కట్టారు. కుర్చీలు పీకేసిన హాలే స్టూడియో. సినిమా హాలు నేల తెర వైపు వాలుగా ఉంటుంది కదా, దాన్ని చదును చేయించడానికి డబ్బు లేదు. అలాగే వదిలేశారు. నేలా కప్పూ సమాంతరంగా లేకపోవడం వల్ల శబ్దం వాటి మధ్య పదే పదే కొట్టుకోకుండా చెదిరిపోతుంది. ఆ పాటల్లో వినిపించే విశాలత్వానికి ఆ పేదరికం కూడా ఒక కారణం.

అసలు భవనం ఇప్పుడు లేదు. కంపెనీ 1975లో దివాలా తీసింది, భవనాన్ని 1989లో పడగొట్టారు. చాలా ఏళ్లు అక్కడ ఖాళీ స్థలమే. 2003లో అదే చోట, అదే ముఖభాగంతో మ్యూజియం కట్టారు. పైన 'సోల్స్‌విల్ యు.ఎస్.ఎ.' అన్న అక్షరాలు మళ్లీ నిలబెట్టారు. లోపల అడుగుపెట్టగానే మొదట కనిపించేది ఒక పాత చర్చి. మిసిసిపీ డెల్టాలోని పల్లె నుంచి చెక్క చెక్కా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. సరైన ఆరంభం. ఈ సంగీతంలోని ప్రతి కేకా ముందు అలాంటి బెంచీల మధ్య పుట్టింది.

స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ బంగారు పూత కాడిలాక్ కారు చుట్టూ జనం మూగి ఉన్నారు. మేం దాన్ని దాటి స్టూడియో గదిలోకి వెళ్లాం. నేలను కూడా పాతదానిలాగే వాలుగా కట్టారు. మామయ్య చెప్పులు విడిచాడు. మేజోళ్లతో ఆ వాలు మీద పై నుంచి కిందికి, కింది నుంచి పైకి నడిచాడు. రెండు మూడు చోట్ల ఆగి అరచేతులు మెల్లగా చరిచి విన్నాడు. గది మధ్యలో ఒక చోట నిలబడి, "ఊదేవాళ్లు ఇక్కడ నిలబడి ఉంటారు. పాడేవాడు ఎదురుగా కనపడాలి, లేకపోతే ఆ ఎత్తుగడ కుదరదు" అన్నాడు.

అప్పుడు ఆయనకు ఆ రెండు రోజుల కథ చెప్పాను. 1965 జూలై 9, ఉదయం. న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ కంపెనీ ఇంజనీరు టామ్ డౌడ్ వచ్చాడు. గిటారు స్టీవ్ క్రాపర్, బేస్ డొనాల్డ్ 'డక్' డన్, డ్రమ్ములు ఆల్ జాక్సన్. కీబోర్డుల దగ్గర బుకర్ టి. జోన్స్, ఐజాక్ హేస్. ట్రంపెట్లు వేన్ జాక్సన్, జీన్ మిల్లర్. శాక్సోఫోన్లు ఆండ్రూ లవ్, ఫ్లాయిడ్ న్యూమన్. ఓటిస్‌కు ఇరవై మూడేళ్లు. క్రాపర్‌కు, డన్‌కు, వేన్ జాక్సన్‌కు, ఆండ్రూ లవ్‌కు కూడా సరిగ్గా ఇరవై మూడే. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి.

కాగితం మీద స్వరాలు లేవు. ఊదేవాళ్లకు ఏం కావాలో ఓటిస్ నోటితో పాడి చూపించేవాడు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, వాళ్ల ముక్క వాళ్లకు పాడి వినిపించి, చేతులతో ఊపు చూపించేవాడు. వెనక పాడే కోరస్ కూడా దాదాపు లేదు. ఆ పని ఊదేవాళ్లదే. ఆయన ఒక మాట అంటే వాళ్లు దానికి బదులు చెప్పాలి. రాత్రి కాగానే రికార్డింగు ఆపేశారు. కారణం, వాయించేవాళ్లకు ఊళ్లో క్లబ్బుల్లో కచేరీలున్నాయి. వాటికి వెళ్లకపోతే ఆ రాత్రి కూలి పోతుంది. అవి ముగించుకుని అర్ధరాత్రి దాటాక మళ్లీ వచ్చి మర్నాడు దాకా వాయించారు. మొత్తం కలిపి ఒక పగలూ ఒక రాత్రీ ఇంకొంచెం.

మామయ్య ఈ మాటకు చప్పున నా చెయ్యి పట్టుకున్నాడు. "రాత్రంతా ఊరేగింపులో ఊదేవాళ్లం. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం. మళ్లీ పందిట్లో నిలబడాలి. అప్పటికి పెదవి వాచి ఉంటుంది. ఒరేయ్, ఆ వాచిన పెదవితో ఊదిన స్వరం వేరేగా ఉంటుంది. గట్టిగా ఊదలేం, అందుకని జాగ్రత్తగా ఊదుతాం. నాకు ఆ పాటల్లో వినపడింది అదేరా." ఏ పాట రాత్రికి ముందుది, ఏది తర్వాతది అని నేను ఏళ్లుగా విన్న రికార్డు ఇది. వాచిన పెదవి ఉంటుందన్న ఊహ నాకు ఒక్కనాడూ రాలేదు.

'శాటిస్‌ఫాక్షన్' కథ కూడా ఆయనకు ఇంటి కథలాగే ఉంది. అది ఇంగ్లండు కుర్రవాళ్లు రోలింగ్ స్టోన్స్ పాట, వచ్చి నెల రోజులే అయింది. ఇది పాడదామని సూచించింది క్రాపర్. ముందు గదిలోని ఎస్టెల్ దుకాణం నుంచి రికార్డు తెచ్చుకుని, విని, మాటలు కాగితం మీద దించుకున్నారు. మూలంలో గిటారు చేసిన పనిని ఇక్కడ ఊదేవాళ్లకు అప్పగించారు. ఓటిస్ కాగితం చూసి సగం, సొంతంగా సగం పాడాడు. "సినిమా విడుదలైన వారానికల్లా మేళం ఆ పాట వాయించాలి. మాకు మాత్రం ఎవరు రాసిచ్చేవాళ్లు? హోటలు ముందు టీ తాగుతూ నేర్చుకునేవాళ్లం" అన్నాడు మామయ్య.

గది ఖాళీ అయింది. మామయ్య జేబులోంచి మౌత్‌పీసు తీశాడు. పెదవుల దగ్గరికి తీసుకెళ్లి, ఊదకుండా, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాపలా మనిషి చూస్తుందేమోనని కాదు. "ఇక్కడ తప్పు స్వరం పలకకూడదు" అన్నాడు.

బయటికి వచ్చాక మనసు కలత పెట్టే ముక్క ఒకటి చెప్పవలసి వచ్చింది. ఆల్బమ్ 1965 సెప్టెంబరులో వచ్చింది. నల్లజాతి సంగీతానికి విడిగా వేసే రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అందరి జాబితాలో 75 దగ్గర ఆగింది. ఓటిస్ పోయిన మరుసటి ఏడాది, అట్లాంటిక్‌తో స్టాక్స్ ఒప్పందం తెగినప్పుడు, చిన్న అక్షరాల్లో ఉన్న ఒక షరతు బయటపడింది. అట్లాంటిక్ పంపిణీ చేసిన పాటల హక్కులన్నీ అట్లాంటిక్‌వే. ఇల్లు తాకట్టు పెట్టి కొన్న యంత్రంతో మొదలైన స్టూడియోకు, ఆ వాలు నేల మీద పుట్టిన 'ఓటిస్ బ్లూ' దక్కలేదు.

పక్కనే స్టాక్స్ పేరుతో పిల్లల సంగీత పాఠశాల నడుస్తోంది. సాయంత్రం బడి అయ్యాక భుజాన వాయిద్యాల పెట్టెలతో పిల్లలు వచ్చారు. మామయ్య కళ్లు ట్రంపెట్ పెట్టెలనే వెతుక్కున్నాయి. మూడు లెక్కపెట్టాడు.

అయిదో రోజు, డిసెంబరు 9: మెంఫిస్

మ్యూజియానికి దగ్గర్లోనే 406 లూసీ అవెన్యూ. చాలా చిన్న చెక్క ఇల్లు, మనుషులు లేరు. గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1942 మార్చి 25న ఈ ఇంట్లో పుట్టింది. రెండేళ్లు నిండీ నిండకుండానే కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. 'రెస్పెక్ట్' పాట ఓటిస్ ఈ పక్క వీధిలోని సినిమా హాల్లో పాడినప్పుడు అది ఒక మగవాడి మొర. పనిచేసి డబ్బు తెస్తున్నాను, ఇంటికి వచ్చేసరికి కాస్త మర్యాద చూపించు అని. 1967 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరీతా దాన్ని తిరగరాసింది. అక్షరం అక్షరం విడదీసి పలికింది. అడిగేది ఆడది అయింది, ఇక అది మొర కాదు, హక్కు. దేశమంతటా మొదటి స్థానానికి చేరింది. ఆ వేసవిలో కాలిఫోర్నియాలో మాంటరే సంగీతోత్సవం వేదిక మీద ఓటిస్ ఈ పాట మొదలుపెడుతూ, ఒక అమ్మాయి దీన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోయిందని చెప్పి పాడాడు. ఓటిస్ పాటలో నాకు ఆల్ జాక్సన్ డ్రమ్ములు ప్రాణం. అయినా ఆ మాటకు అసలు యజమాని ఈ చిన్న ఇంట్లో పుట్టిన మనిషే.

మధ్యాహ్నం లొరేన్ మోటెల్. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగిన కొద్ది చోట్లలో ఇదొకటి. అందుకే స్టాక్స్ వాళ్లకు ఇది రెండో ఇల్లు. క్రాపర్ ఇక్కడి గదుల్లో గాయకులు విల్సన్ పికెట్‌తో, ఎడ్డీ ఫ్లాయిడ్‌తో కలిసి పాటలు కట్టాడు. 1968 ఏప్రిల్ 4న ఇదే మోటెల్‌లో, 306వ గది వసారాలో, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. ఇప్పుడు ఇది పౌరహక్కుల మ్యూజియం. రెయిలింగుకు పూలచక్రం వేలాడుతోంది. ఆ వారం అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానంలో ఉన్నది, నాలుగు నెలల కిందట చనిపోయిన ఓటిస్ పాట, రేవు మీద కూర్చున్నవాడి పాట.

లోపల మూడు గంటలు గడిపాం. దాని గురించి ఇక్కడ రెండు ముక్కల్లో రాయడం తప్పు. బయటికి వచ్చి రోడ్డుకు ఇవతల నిలబడ్డాం. ఫోనులో ఆ మూడో పాట, మార్పు పాట, పెట్టనా అని అడిగాను. "వద్దురా" అన్నాడు మామయ్య.

రాత్రి షికాగో మీదుగా మాడిసన్ చేరేసరికి పన్నెండు దాటింది.

ఆరో రోజు, డిసెంబరు 10: మాడిసన్, మోనోనా సరస్సు

పొద్దున లేచి చూస్తే మబ్బు. ఒడ్డున నీటి అంచుకు పలుచగా గాజు పెంకులాంటి మంచు. 1967లో ఇదే తేదీ ఆదివారం. ముందురోజు క్లీవ్‌లాండ్‌లో కార్యక్రమం ముగించుకుని, ఓటిస్ సొంత బీచ్‌క్రాఫ్ట్ విమానంలో ఈ ఊరికి బయలుదేరాడు, ఆ రాత్రి ఇక్కడి క్లబ్బులో పాడాలి. వానా పొగమంచూ. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, విమానాశ్రయానికి కొద్ది మైళ్ల దూరంలో, విమానం సరస్సులో పడింది. ఓటిస్, పైలట్, సహాయకుడు, ఆయన వెనక వాయించే బార్-కేస్ బృందంలో నలుగురు పోయారు. హైస్కూలు అప్పుడే పూర్తి చేసిన పిల్లలు వాళ్లు. డ్రమ్ములు వాయించే కార్ల్ కనింగ్‌హామ్ బూట్లు తుడిచే పెట్టెతో స్టాక్స్ గుమ్మంలోకి వచ్చిన కుర్రవాడు.

బతికింది ఒక్కడు, బెన్ కాలీ. ఇరవై ఏళ్లవాడు, ఈత రాదు. సీటు దిండు పట్టుకుని ఆ చల్లటి నీళ్లలో తేలాడు. స్నేహితులు కేకలు పెట్టడం వింటూ తేలాడు. మిగిలిన ఒక్క సహచరుడు జేమ్స్ అలెగ్జాండర్ వేరే విమానంలో రావలసి ఉండడం వల్ల దక్కాడు. తర్వాత ఇద్దరూ కలిసి బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. బెన్ కాలీ 2015 దాకా బతికాడు. వాయించేది ట్రంపెట్.

ఈ చివరి మాట మామయ్యకు నేను ముందుగా చెప్పలేదు. మోనోనా టెరస్ భవనం పైకప్పు తోటలో, సరస్సుకు ఎదురుగా, ఓటిస్ పేరిట ఒక ఫలకం, మూడు రాతి బెంచీలు ఉన్నాయి. అక్కడ కూర్చున్నాక చెప్పాను. ఆయన చాలాసేపు నీళ్ల వైపు చూశాడు. "తర్వాత మళ్లీ ఊదాడా?" అన్నాడు. ఊదాడని చెప్పాను.

రేపు డిసెంబరు 11. శామ్ కుక్ పోయిన రోజు. గురువు మూడో వర్ధంతికి ఒక్క రోజు ముందు శిష్యుడు పోయాడు. మెంఫిస్‌లో తన చివరి పాటకు, ఆ రేవు పాటకు, చివరి మెరుగులు దిద్దిన రెండు మూడు రోజులకే. ఆ పాటలో వినిపించే అలల చప్పుడు ఆయన పోయాక క్రాపర్ కలిపినది. తన మిత్రుడు నీళ్లలో పడి చనిపోయిన వార్త విన్నవాడు, స్టూడియోలో ఒంటరిగా కూర్చుని అలల చప్పుడు ఎలా వెతుక్కున్నాడో ఎప్పుడు తలచుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది.

మూడు దాటింది. మా పక్క బెంచీ మీద ఎవరో అప్పటికే ఒక ఎర్ర గులాబీ పెట్టి వెళ్లారు. మామయ్య చేతి తొడుగులు విప్పి మౌత్‌పీసు తీశాడు. చలిలో లోహం పెదవికి అంటుకుంటుంది, అందుకని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు, నోటి ఆవిరి పట్టించాడు, మళ్లీ రుద్దాడు. తర్వాత పెదవులకు ఆనించాడు. ట్రంపెట్ లేని మౌత్‌పీసు పలికేది పెద్ద శబ్దం కాదు, తుమ్మెద రొద లాంటిది. 'ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్'లో ఓటిస్ ఒక మాట అని ఆగితే ఊదేవాళ్లు మెట్టు మెట్టుగా పైకి ఎక్కే చోటు ఉంది. దాన్ని ఎత్తుకున్నాడు. మూడో మెట్టు దగ్గర గాలి పక్కకు జారింది. ఆపాడు. కట్టుడు పళ్లను నాలుకతో సర్దుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి మూడోదీ పలికింది, నాలుగోదీ పలికింది.

రుమాలుతో మౌత్‌పీసు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాడేవాడు ఎదురుగా లేకుండా ఇంతకు మించి కుదరదురా" అన్నాడు.